మూడో జత చెప్పులు

ఎనభై ఏడులో హన్మకొండ పత్తిమిల్లు కంప్యూటర్ గదికి, దుమ్ము పడొద్దని, చెప్పులు బయటే విడిచి రావాలి. అక్కడ ప్రోగ్రాం రాసేది సారంగపాణి, శకుంతల ఇద్దరే. ఆ పొద్దున గడప ముందు మూడో జత చూసి సారంగపాణి లోపలికొచ్చాడు.

"అన్నా, మేనేజర్ సార్ కొత్త రూలు పెట్టిండు. ఇగ నుంచి ఏ లైనెందుకున్నదో పక్కకే కామెంట్ రాయాలె."

"ఇన్నేండ్లు లేనిది ఇప్పుడెందుకు, శకుంతలా?"

"ఇంకెవరన్న చూస్తే సమజ్ కావాలె గద."

"నేనుండంగ ఇంకెవరు చూస్తరు?"

ఆమె తల తిప్పుకుంది.

"బయట కొత్త చెప్పులెవరియి?"

"సార్ ఎవరో కొత్తాయనకు లోపలి మిషన్లు చూపిస్తాండు. నాకేం తెల్వదన్నా."

"సరే, రూలంటే రూలే. రాద్దాం."

ప్రోగ్రాం మొత్తం ఆధారపడ్డ లైను వెతికి, దాని పక్కన సారంగపాణి నిమ్మళంగా టైపు చేశాడు: "దీన్ని ముట్టుకోవద్దు. ఎందుకో సారంగపాణిని అడగాలి."