నాలుగు సెకన్లు

ఆపరేషన్ గది బయట బెంచీ మీద అక్కా తమ్ముడూ కూర్చున్నారు. బావగారి కోసం తమ్ముడు స్వయంగా ప్రోగ్రాం రాసి ఇచ్చిన టచ్ స్క్రీన్ కంప్యూటరు అతని ఒళ్ళో ఉంది. తలుపు మీద ఎర్రదీపం వెలిగి గంట దాటింది.

"...అందుకే చెప్తున్నా, పట్టుకుపోరా దీన్ని. మాట పడిపోయిన మనిషికి ఇదే నోరన్నావు. మీ బావ దీంతో ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు."

"వారం రోజుల్లో ఒక్క ముక్క కూడా రాయలేదా?"

"లేదు. వేలు పెడతారు, తీస్తారు. స్క్రీన్ వంక చూస్తారు, నా వంక చూస్తారు. కళ్ళమ్మట నీళ్ళు."

"మరి కాలు తీయడానికి ఒప్పుకున్నారన్నావు?"

"ఒప్పుకున్నార్లే."

"ఎలాగ? తలూపారా?"

"ఆ తల దానంతటదే ఊగుతోంది కదరా, దాన్ని నమ్మొద్దన్నారు డాక్టరుగారు. ఒప్పుకున్నారు, నేను సంతకం పెట్టాను. ఎందుకిప్పుడవన్నీ? నువ్వేమైనా తిన్నావా?"

"ఉండక్కా. వేలు పెట్టాక ఏమవుతోంది?"

"ఏమవుతుంది, ఏదో అక్షరం పడుతుంది. రెండోది వెతుక్కునేలోపే నీ కీబోర్డు కాస్తా కిందికి జారిపోతుంది. మళ్ళీ నొక్కితే వస్తుంది, రాసిందేదీ ఉండదు."

"జారిపోవడమేంటి... అయ్యో. నాకు చెప్పలేదేం?"

"అదంతేనేమో అనుకున్నాను. ఏంటిరా?"

"నర్సు అడిగింది. కీబోర్డు సగం స్క్రీన్ కప్పేస్తోంది, నీళ్ళు, నొప్పి అనే బటన్లు దానికింద పడిపోతున్నాయని. నాలుగు సెకన్లు ఎవరూ ముట్టుకోకపోతే దిగిపోయేలా పెట్టాను. దిగితే సగం రాత తుడిచేసేలా కూడా."

"నాలుగు సెకన్లా! ఎడంచేతి ఒక్క వేలురా ఆయనకి. నాకు కళ్ళద్దాలు పెట్టుకోవడానికే చాలవు."

"నా చేత్తో కొట్టి చూసుకున్నాను. నా చేత్తో... అన్నీ బాగానే పడ్డాయక్కా."

"పోనీలే. బయటికొచ్చాక మారుద్దువుగాని."

"ఉండు. స్క్రీన్ మీద తుడిచిపోయినా, నొక్కినవన్నీ లోపల ఫైల్లో ఉంటాయి. ఇదిగో. నిన్న సాయంత్రం నుంచీ... 'వ'. మళ్ళీ 'వ'. 'వ'. ఇక్కడ 'వద'. మళ్ళీ మొదటికే, 'వ'... నలభై ఒక్కసార్లు. చివరిది ఇవాళ పొద్దున్న, స్ట్రెచర్ ఎక్కించే ముందు. 'వద్ద' దాకా వచ్చారు."

"నీళ్ళేమో... నీళ్ళడిగారేమో."

"నీళ్ళకి బటనుందిగా అక్కా."

"మాట పడిపోకముందు, మిషను తొక్కే కాలు పోయాక నేనేం దర్జీనే అనేవారు..."

"అక్కా. సంతకం పెట్టే ముందు ఆయన్ని ఏమడిగావు?"

"ఒరే, ఆ తలుపు కొట్టరా. కొట్టు."

"గంట దాటిందక్కా. నిన్న సాయంత్రం ఏమడిగావు?"

"ఒక్క వేలుతో ఎందుకు కష్టపెట్టడం అని... వద్దనుకుంటేనే రాయండి, సరేననుకుంటే ఏమీ రాయక్కర్లేదు, ఊరుకోండి చాలు, అన్నానురా."