బానెట్ ఎత్తితే ఆరే దీపం

నోయిడాలో ఒక అపార్ట్‌మెంట్ సొసైటీ. 2007 మార్చి, ఆదివారం ఉదయం. కేంద్ర ప్రభుత్వంలో డిప్యూటీ సెక్రటరీగా పనిచేసే అనంతరామయ్య చొక్కా చేతులు మడిచి, ఎత్తిన బానెట్ కింద వంగి ఉన్నాడు. వారమంతా చార్టర్డ్ బస్సులో ఆఫీసుకు పోయివచ్చే ఆయనకు సొంత కారుతో పని ఆదివారమే. ఆయన భార్య కస్తూరి స్టీరింగ్ ముందు కూర్చుని, ఆయన చెప్పినప్పుడల్లా తాళం తిప్పుతోంది.

"ఇప్పుడు తిప్పు. కుడివైపుకి, ఒక్క మెట్టే. ఇంజను స్టార్ట్ చెయ్యకు, బండి నా మీదికొస్తుంది."

"రాదులెండి, న్యూట్రల్‌లోనే ఉంది."

"న్యూట్రలంటే నీకేం తెలుసు?"

"మీరే అంటుంటారు కదా... న్యూట్రల్, న్యూట్రల్ అని."

"సరే, తిప్పు. ఆయిల్ దీపం వెలిగిందా? పసుపు రంగులో, చిన్న నూనె చెంబు బొమ్మ ఉంటుంది."

"తెలుసండీ. వెలగలేదు."

"చూశావా? ఇందాక వెలిగింది, ఇప్పుడు లేదు. ఏం చేశానో తెలుసా? సెన్సరు కనెక్టరు ఊడదీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను. అంతే పని. ఆ మెకానిక్ సెన్సరు మార్చాలన్నాడు. మార్చాడు. హో గయా సాబ్ అన్నాడు. అయిందా? వైరింగన్నాడు. అదీ మార్చాడు. అయిందా?"

"పోయిన ఆదివారం కూడా మీరు తుడిచారు కదండీ."

"అది పెట్రోలుతో. ఇవాళ స్పిరిట్‌తో."

"అప్పుడూ ఆరిపోయింది."

"ఆరింది. ఇవాళ పొద్దున తాళం తిప్పేసరికి మళ్ళీ వెలిగింది. ఎందుకు వెలిగినట్టు? డిప్‌స్టిక్కు తీసి చూశాను, ఆయిల్ పై గీతకి ఆనుకుని ఉంది. ఆయిల్ ఉంది. దీపమేమో లేదంటోంది. వారమంతా కదలకుండా పడున్న బండిలో ఆయిల్ ఎలా తగ్గుతుంది, చెప్పు?"

"నాకేం తెలుస్తుందండీ. ఆరిందిగా, వదిలెయ్యండి. ఇడ్లీలు చల్లారిపోతున్నాయి."

"వదిలెయ్యడమేమిటి? ఆఫీసులో కూడా అందరిదీ ఇదే వరస. జవాబొచ్చింది, ఫైలు మూసెయ్. కారణం ఏమిటని ఎవడూ అడగడు. నీ ఎదురుగా అరలో బండి పుస్తకం ఉంటుంది, తియ్యి. నా చేతులకి ఆయిలుంది, నువ్వే చదువు."

"ఇంగ్లీషులో ఉంది."

"బియ్యే చదివావు. ఆయిల్ లెవెల్ వార్నింగ్ అని ఉంటుంది చూడు. నాకు తెలుగులో చెప్పు."

"ఆ, ఉంది. దీపం వెలిగితే బండి ఆపి ఆయిల్ చూసుకోవాలట. తక్కువుంటే పోసుకోవాలట. అంతేనండీ."

"అంతేనా? పుస్తకం కిటికీలోంచి ఇటు చూపించు. పేజీ నిండా ఉందే."

"మిగతాదంతా చలి దేశాల గురించి."

"ఆ మధ్యలో నల్లగా, లావుగా అచ్చేసిందేమిటి? అది చలి దేశాల గురించేనా?"

"అది... ఒకసారి వెలిగిన దీపం బానెట్ తెరిచేదాకా ఆరదట. తెరిస్తే దానంతటదే ఆరిపోతుందట."

"మళ్ళీ చెప్పు."

"బానెట్ తెరిస్తే చాలు, ఆరిపోతుందట."

"తెరిస్తే చాలా?"

"అలాగే రాసుందండీ."

"మరి నేను తుడిచింది?"

"తుడవడం గురించి ఏం రాయలేదు."

"స్పిరిట్ గురించి?"

"అదీ లేదు."

"...సరే. అంటే నేను ఆర్పడం లేదన్నమాట. బానెట్ ఎత్తుతున్నాను, అది ఆరుతోంది. బావుంది. మరి వెలగడం ఎందుకు వెలుగుతోంది? దాని కిందది చదువు."

"కింద ఏం లేదండీ."

"కస్తూరీ, ఆ లైను మీంచి వేలు తియ్యి."

"ఏటవాలుగా ఉన్నచోట ఇంజను ఆగి, మళ్ళీ తాళం తిప్పితే, ఆయిల్ ఒక పక్కకి చేరి దీపం పొరపాటున వెలగొచ్చట. ఇక్కడ ఏటవాలెక్కడుందండీ, గచ్చు బల్లపరుపుగా ఉంటేను. పుస్తకం మన బండిది కాదేమో."

"మన బండిదే. గచ్చు బల్లపరుపుగానే ఉంది. పోయిన ఆదివారం గుడికెళ్ళొచ్చి ఇక్కడ పెట్టినప్పుడు దీపం లేదు, నాకు బాగా గుర్తు. ఇవాళ పొద్దున ఉంది. అంటే ఈ మధ్యలో బండి ఏటవాలున్న చోటికి ఎక్కడికో పోయొచ్చింది."

"బండి దానంతటదే ఎక్కడికి పోతుందండీ?"

"అదే నేనూ అడిగేది. పెట్రోలు కూడా తగ్గుతోంది. ట్యాంకులో ఎక్కడో కారుతోందనుకుని బండి కింద అట్టముక్క పరిచి చూశాను. చుక్క పడలేదు. రెండో తాళం ఎక్కడుంది?"

"వంటింట్లో, మేకుకి."

"దాన్ని ఎవరైనా తీస్తారా?"

"ఎవరు తీస్తారు?"

"బిశంభర్. గేటు దగ్గర డ్యూటీ చేస్తూ కార్లు తుడుస్తాడు కదా. లోపల కూడా తుడుస్తానని తాళం అడుగుతాడు. నువ్విస్తావు. నేను ఆఫీసుకి పోగానే వాడు బండెక్కుతున్నాడు."

"బిశంభర్‌కి సైకిలు తప్ప ఏమీ రాదండీ."

"నీకెలా తెలుసు?"

"పాపం, చూస్తేనే తెలుస్తుంది కదా."

"చూస్తే తెలిసేదైతే ఇన్నాళ్ళు నాకెందుకు తెలియలేదు? ఆ గుడ్డ ఇలా ఇయ్యి, చేతులు తుడుచుకుంటాను. సొసైటీ సెక్రటరీ పద్మనాభంగారు ఇంట్లోనే ఉంటారు ఇప్పుడు. వాణ్ణి ఇవాళే మాన్పించమంటాను."

"ముందు ఇడ్లీ తినండి."

"వచ్చి తింటాను."

"పద్మనాభంగారింట్లో ఇవాళ ఎవరో చుట్టాలు..."

"ఉండనీ. రెండు నిమిషాల పని."

"ఏమండీ, ఆగండి. వాడికి పిల్లలున్నారు. వాడు కాదు."

"వాడు కాకపోతే మరెవరు?"

"చెబుతాను. ముందు లోపలికి పదండి."

"ఇక్కడే చెప్పు."

"నేనే."

అనంతరామయ్య చేతిలోని గుడ్డ బ్యాటరీ మీద పడింది. ఆయన దాన్ని తియ్యలేదు.

"నేనే అంటే?"

"బండి తీసుకెళ్ళేది."

"ఎవరు నడుపుతారు?"

"చెప్పాను కదండీ. నేనే."

"నువ్వా."

"నాలుగో అంతస్తు రాజేశ్వరమ్మగారు పక్కన కూర్చుంటారు. ఆవిడ ఎప్పట్నుంచో నడుపుతున్నారు కదా. యమున గట్టు మీదికెక్కే రోడ్డుంది చూడండి, అక్కడికి తీసుకెళ్తారు. సగం ఎక్కాక ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించాలి. మిగతావన్నీ వచ్చాయి, అదొక్కటే రావట్లేదు. క్లచ్చు తొందరగా వదిలేస్తాను. ఆగిపోతుంది. మళ్ళీ తాళం తిప్పుతాను. అప్పుడు వెలుగుతుంది."

"అప్పుడు వెలుగుతుందని నీకు తెలుసా?"

"పుస్తకం చదివాకే తెలిసింది."

"ఇప్పుడా?"

"లేదండీ. సంక్రాంతి అయ్యాక."

"అంటే నేను సెన్సరు మార్పిస్తుంటే, వైర్లు మార్పిస్తుంటే, నడుం పట్టేసేదాకా దీని కింద దూరుతుంటే... నువ్వు పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డావు."

"చెబుదామనే అనుకున్నాను. మొదటిసారి దీపం ఆరినప్పుడు మీరు ఎంత సంతోషపడ్డారండీ. పద్మనాభంగారిని పిలిచి మరీ చూపించారు. ఆయనేమో మీకు షేక్‌హ్యాండిచ్చారు. ఇంకెలా చెప్పను?"

"లైసెన్సు?"

"పోయిన నెల వచ్చింది. ఏటవాలు పరీక్ష పెట్టలేదు వాళ్ళు."

"మనమ్మాయికి, స్నిగ్ధకి తెలుసా?"

"దానికీ చెప్పలేదు. చెబితే మీకు చెప్పేస్తుంది."

"అసలు నీకు ఎక్కడికి పోవాలి కస్తూరీ? ఇన్నేళ్ళలో నువ్వు అడిగితే నేను కాదన్నానా?"

"అనలేదు."

"గుడికి ఎవరు తీసుకెళ్తారు?"

"మీరే."

"గుర్గావ్‌లో మీ తమ్ముడింటికి?"

"మీరే."

"కూరలకి, పెళ్ళిళ్ళకి, ఎయిర్‌పోర్టుకి? అన్నిటికీ నేనే కదా. విసుక్కున్నానా ఎప్పుడైనా?"

"ఒకటి రెండుసార్లు. అది లెక్క కాదులెండి."

"మరి నా వెనకాల నేర్చుకోవలసిన అవసరం ఏమొచ్చింది? రేపు నువ్వెక్కడైనా గుద్దితే? నీకేమైనా అయితే? ఆఫీసులో నలుగురూ ఏమంటారు, ఆయనకి తెలియకుండా ఆయన బండి ఆవిడ..."

"ఏమీ అనరు. మీరు ముందు ఆ బానెట్ వెయ్యండి."

"బానెట్ సంగతి తర్వాత. దీపం ఎందుకు వెలిగిందో తేలింది. నువ్వెందుకు నేర్చుకున్నావో తేలలేదు."

"సరదాకి."

"నీకు ఇలాంటి సరదాలుంటే ముప్ఫయ్యేళ్ళ కిందే నాకు తెలిసేది."

"ఇవాళొద్దండీ. ఇంకోరోజు చెబుతాను."

"ఇవాళే చెప్పు."

"కోపం తెచ్చుకోరు కదా?"

"ఇంక కొత్తగా తెచ్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. చెప్పు."

"డిసెంబర్లో మీరు భోపాల్ టూరు వెళ్ళినప్పుడు కంటి ఆస్పత్రివాళ్ళు ఇంటికి ఫోన్ చేశారు. మందు చుక్కలు అయిపోయుంటాయి, మళ్ళీ రాలేదేమని."

"...ఏ ఆస్పత్రి?"

"మీరు నాకు చెప్పకుండా వెళ్ళొచ్చిన ఆస్పత్రే."

"వాళ్ళు అందరికీ అలాగే చేస్తారు. ఊరికే. ఏదో రొటీన్... ఏమన్నారు వాళ్ళు?"

"మీతో ఏమన్నారో అదే. చూపు పక్కల్నుంచి మూసుకొస్తోందనీ, ఇంకో ఏడాది దాటితే మీరింక బండి నడపకూడదనీ. మీ అంతట మీరే చెబుతారని చూశానండీ. చెప్పేలోగా నాకు ఆ గట్టు ఎక్కడం వచ్చేస్తే బావుణ్ణనుకున్నాను."