కెప్టెన్ ఇచ్చి వెళ్లని వెంట్రుకలు

టెమా రేవు వెనక వీధిలో, గుమ్మం ముందు కూర్చుని తల్లి కూతురికి జడలు అల్లుతోంది. కూతురు ఫోన్లో కథ రాస్తోంది.

"తల కదపకే. ఎవరి కథ అది?"

"టీవీలో అంతరిక్ష నౌకల సీరియల్ వస్తుందే, వాళ్లదే. అందులో చూపించనివి నేను కల్పిస్తున్నా."

"ఏం కల్పించావేంటి?"

"చుక్కల మధ్య నౌక మాయమైతే శవం దొరకదు కదా. అందుకని ఎక్కేముందు అందరూ ఇంట్లో వెంట్రుకలు, గోళ్లు ఇచ్చి వెళ్తారు. మనిషి రాకపోతే వాటినే పూడ్చి ఏడుస్తారు."

"మన పద్ధతే ఎత్తుకెళ్లి అక్కడ పెట్టావన్నమాట. మరి మీ కెప్టెనో?"

"ఆయన ఇవ్వలేదు. అందుకే ఏడవడానికి వీల్లేదు. వెతుకుతూనే ఉండాలి."

తల్లి చేతులు ఆగాయి.

"మీ నాన్న పడవ తిరిగి రాక ఏడాదయింది. శనివారం కర్మ కానిచ్చేద్దామంటున్నారు వాళ్లవైపు పెద్దలు. ఆయన దువ్వెనకి నాలుగు వెంట్రుకలుంటాయి, తెమ్మన్నారు. ఎంత వెతికినా కనబడదు."

"నా పెట్టెలో ఉందమ్మా."

"అయితే తీసివ్వు."

"ఇస్తాలే. నిన్ననే సబ్బుతో శుభ్రంగా కడిగేశాను."

తల్లి ఇంకో పాయ తీసి అల్లడం మొదలుపెట్టింది.

"కెప్టెన్‌ని ఇంకా ఎక్కడెక్కడ వెతుకుతారో, అది రాయి."