రెండో తాళంచెవి

"ఆ బ్యాగు ఇలా ఇవ్వు బుల్లీ, డబ్బా సర్దుతాను."

"నేను సర్దుకుంటాలే అమ్మా."

"నువ్వా? ఉద్యోగంలో చేరి రెండేళ్ళవుతోంది, ఒక్కరోజైనా సర్దుకున్నావా?"

"ఈ రోజు సర్దుకుంటాను. వదిలెయ్యి."

వీధి కుళాయి దగ్గర సందడి ఇంకా మొదలవలేదు. కూతురు వంటింట్లో పీట మీద కూర్చుని, ఆఫీసు బ్యాగును ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుని ఉంది. తల్లి పొయ్యి దగ్గర నిలబడింది గానీ ఆమె చెయ్యి మాటిమాటికీ నడుము దగ్గరికి పోతోంది. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన తండ్రి పక్కగదిలో నిద్రపోతున్నాడు.

"మెల్లగా మాట్లాడు. నాన్నకి ఇప్పుడే కునుకు పట్టింది."

"మెల్లగానే మాట్లాడుతున్నా."

"నీళ్ళు కాగాయి. స్నానానికి వెళ్ళు."

"వెళ్తాను."

"చల్లారిపోతాయి."

"చల్లారనీ."

"ఒంట్లో బాగాలేదా? ఏదీ, నుదురు చూడనీ. ముందు ఆ బ్యాగు కింద పెట్టు. చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నావు."

"అమ్మా, బ్యాగు ముట్టుకోకు."

"ముట్టుకోలేదే. చీర కొంగు తగిలింది. రాత్రంతా దాన్ని తలకింద పెట్టుకుని పడుకున్నావు, మెడ పట్టేస్తుందని..."

"నువ్వు చూశావా? అంటే నువ్వూ పడుకోలేదన్నమాట."

"నీకు ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచీ నాకు నిద్దరెక్కడిది?"

"రాకముందు పట్టేదా?"

"రాకముందు రాదేమోనని భయం. అది వేరు."

"అమ్మా, ఈ రోజు ఆఫీసుకి వెళ్ళాలని లేదు."

"వెళ్ళకు. నేనదే అనబోతున్నా."

"వెళ్ళకపోతే కుదరదు. పదింటికి పై ఆఫీసువాళ్ళు వస్తున్నారు. స్ట్రాంగ్ రూము తాళంచెవి తీసుకుని రమ్మన్నారు."

"తాళంచెవా? ఈ రోజే తెరుస్తారా?"

"ఈ రోజే. అందరి ముందూ."

"అయితే... అది ఉందా నీ దగ్గర? చూసుకున్నావా?"

"ఉంది."

"గుడ్డసంచి ముడి విప్పి చూశావా?"

"ఎందుకు విప్పాలి? ఉందంటున్నాగా."

"లేదు లేదు, ఊరికే అడిగాను. విప్పొద్దులే. నన్ను చూడనీ, ఆ గుడ్డ ఓ పక్క చిరిగినట్టుంది, రెండు కుట్లు వేసిస్తాను. నువ్వు స్నానం చేసి వచ్చేలోపల."

"ఏమీ చిరగలేదు. నెల క్రితం నువ్వు కుట్టిందే కదా."

"బుల్లీ, నాకు తెలియక అడుగుతాను. ఒకవేళ నువ్వు అక్కడికి వెళ్ళి, అందరి ముందూ తాళంలో పెట్టాక, అది తిరగలేదనుకో. ఏమంటారు?"

"ఎందుకు తిరగదు?"

"తిరగలేదనుకో. వేరేది అనుకో."

"అసలుది పోగొట్టానంటారు. లేదా అమ్ముకున్నానంటారు. ఉద్యోగం అక్కడే ఊడుతుంది, కేసు ఆ తర్వాత."

"కేసా?"

"మరి? అది బియ్యం డబ్బా మూత కాదమ్మా. ఆ గదికి రెండు తాళాలు. ఒకటి సారుది, ఒకటి నాది. ఒకరు లేకుండా ఇంకొకరు లోపల అడుగు పెట్టకూడదనే రెండు పెట్టారు. అమ్మా, పాలు."

"ఆఁ. దించేశాను. ఆ రోజే అన్నాను నేను. ఇంత చిన్న పిల్ల చేతిలో అంత పెద్ద తాళంచెవి ఏమిటి, వద్దని చెప్పవే అని."

"నాన్నేమో వీధంతా చెప్పుకొచ్చారు."

"ఆయనకేం, చెప్పి పడుకుంటారు."

"నేనూ సంబరపడ్డానమ్మా. చేరిన ఏడాదంతా తపాలు కవర్ల మీద ముద్ర కొట్టడమే పని. మోచెయ్యి వాచిపోయి వస్తే నువ్వు కాపడం పెట్టేదానివి. తర్వాత ఫైళ్ళు మోశాను. ఎవరూ నా పేరు కూడా పిలిచేవారు కాదు, 'కొత్తమ్మాయ్' అనేవారు. పాత గుమాస్తా గారు రిటైరవుతూ తాళంచెవి నా చేతిలో పెట్టారు. 'ఇది నీ చెయ్యి దాటకూడదమ్మాయ్, నేను పెళ్ళాం చేతికి కూడా ఇచ్చెరుగను' అన్నారు. ఆ రోజు నుంచి అందరూ పేరు పెట్టి పిలుస్తున్నారు."

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"పొయ్యి పొగ కూడా లేదు, గ్యాసు. ఏమైంది చెప్పు. నాకు గుండె దడదడలాడుతోంది."

"నీకెప్పుడూ దడదడే కదా."

"ఎప్పుడూ ఆడేది వేరు, ఇది వేరు. చెప్పు."

"నాలుగు రోజులుగా సారు అడుగుతున్నారు."

"ఏం అడుగుతున్నాడు? ఎలాంటివాడు ఆయన? నిన్నేమన్నా..."

"అది కాదమ్మా. తాళంచెవి అడుగుతున్నారు. లోపల కట్టల మీద సీళ్ళు ఓసారి చూడాలి, ఆ దుమ్ములో ఇద్దరం దేనికి, బల్ల మీద పెట్టేసి నువ్వు వెళ్ళి టీ తాగి రా, అన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఇంట్లో మర్చిపోయానన్నాను. మర్నాడు తలనొప్పని ముందే వచ్చేశాను. ఆ మర్నాడు ప్రొబేషన్ మాట ఎత్తారు. నా పని బాగుందని ఆయన రాస్తేనే కదా ఈ నెల నేను పర్మనెంటయ్యేది. గట్టిగా కూడా అనలేదు. నవ్వుతూనే అన్నారు. 'చిన్న సాయాలు చెయ్యడం నేర్చుకుంటేనే పైకొస్తారమ్మా' అన్నారు."

"నవ్వుతూ అన్నాడంటే..."

"అదే నా భయమూను."

"లోపల ఏముంది? డబ్బా?"

"డబ్బైతే ఇంత భయపడను. పరీక్ష పేపర్లు. ఆదివారం పరీక్ష."

"ఏ పరీక్ష?"

"నేను రాసిందే. ఈ పీట మీదే కూర్చుని చదివి, రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కానే, అదే."

"ఎదురింటి దర్జీ కూతురు రాస్తోందే, అదా?"

"నా పుస్తకాలే పట్టుకెళ్ళింది. సారు బావమరిది కొడుకు కూడా రాస్తున్నాడట. టీ కొట్టు దగ్గర అనుకుంటుంటే విన్నాను."

"ఎప్పుడు?"

"నిన్న."

"నిన్న టీ కొట్టు దగ్గర నీకేం పని? నువ్వు బయట టీ తాగవుగా."

"టీ తాగి రమ్మన్నారు కదమ్మా. వెళ్ళాను."

"తాళంచెవి?"

"బల్ల మీద పెట్టి వెళ్ళాను."

"దేవుడా."

"నాన్న లేస్తారు. నేను ఇవ్వలేదమ్మా, చేతికి ఇవ్వలేదు. బల్ల మీద పెట్టాను, అంతే. అలా నాకు నేను చెప్పుకుంటూ మెట్లు దిగాను. కొట్టు దగ్గర ఆ మాట విన్నాక గ్లాసు అక్కడే పెట్టేసి పరిగెత్తుకొచ్చాను. అప్పటికే అయిపోయింది. గుడ్డసంచి బల్ల మీదే ఉంది గానీ, ముడి నువ్వు కట్టింది కాదు. నీ ముడి చెవులు పైకి ఉంటాయి. అది వట్టి పీటముడి."

"అప్పుడైనా విప్పి చూశావా?"

"దాన్ని చూడటానికి మొహం చెల్లలేదు. బ్యాగులో కుక్కేశాను. ఇప్పటిదాకా ముట్టుకోలేదు."

"ఆ గది తలుపు? తీసి ఉందా?"

"వేసే ఉంది. పని అయ్యాక వేసెయ్యరా?"

"ఆయన ఏం చేస్తున్నాడు?"

"బొటనవేలికి రుమాలు చుట్టుకుని కూర్చున్నారు. సీలు తీగ గీసుకుని ఉంటుంది. చొక్కా అంతా చెమట. నావైపు అదోలా చూసి, 'నిన్ను నోట్లో నాలుక లేనిదానివనుకున్నాను' అన్నారు. సాయంత్రం వెళ్ళేటప్పుడేమో, 'రేపు పదింటికి నీ తాళంచెవి తీసుకురా, అందరి ముందూ చూద్దాం' అన్నారు. అర్థమైందా అమ్మా? కట్ట ఒకటి తక్కువ వస్తుంది. నా తాళంచెవి లేకుండా తలుపు తెరుచుకోదు. మొత్తం నా నెత్తిన వేస్తారు."

"నువ్వు వెళ్ళొద్దు. జ్వరమని చెప్తాను. ఆస్పత్రిలో చేర్పిస్తాను. మీ పెద్దమ్మ కూతురు నర్సు, మంచం ఇప్పిస్తుంది."

"తాళంచెవి పంపించాలిగా."

"పంపిద్దాం. వద్దు, పంపించొద్దు. ముందు నాకివ్వు, తర్వాత ఆలోచిద్దాం. ఎవరో తలుపు కొడుతున్నారు."

"పోలీసులా?"

"తెల్లారగట్ల ఎందుకొస్తారు? వస్తారా? నువ్వు లోపలికి పో. ఎవరది?"

"నేనేనమ్మా, ఆఫీసు అటెండర్ని. చెల్లెమ్మ లేచిందా?"

"లేవలేదు. జ్వరం."

"అయ్యో. పైవాళ్ళు రాత్రే వచ్చి గెస్ట్ హౌస్‌లో దిగారమ్మా. పది దాకా ఆగరట, ఎనిమిదింటికే తెరవమన్నారు. తొందరగా తీసుకురమ్మని జీపిచ్చి పంపారు."

"మీ సారు పంపాడా?"

"సారెక్కడ, ఆయనకి నిన్నటి నుంచీ మాట పడిపోయింది. బొటనవేలు వంకాయంత వాచింది, ఏమైందంటే కరుస్తున్నారు. మాకు టీ కూడా చెప్పలేదు. నేను సందు మొదట్లో ఉంటానమ్మా. జ్వరమైనా కాస్త లేపండి. ఆ పిల్ల మంచిది, మాట రాకూడదు."

అతని చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది. తల్లి గడియ వేసి, వేసిందో లేదో మళ్ళీ చూసింది. వెనక్కి తిరిగేసరికి కూతురు మొహం కడుక్కుని, బ్యాగు భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"ఎక్కడికి?"

"విన్నాను. వెళ్తాను."

"వెళ్ళి?"

"తలుపు తీయకముందే చెప్పేస్తాను. నా తాళంచెవి నిన్న బల్ల మీద వదిలి వెళ్ళానని."

"నీకు మతిపోయిందా? నీ నోటితో నువ్వే చెబితే సంకెళ్ళు వేస్తారు."

"చెప్పకపోయినా వేస్తారు. చెబితే పరీక్షైనా ఆగుతుంది. ఆ దర్జీ కూతురు పొద్దున్నే లేచి చదువుకుంటోందమ్మా, కిటికీలోంచి కనపడుతోంది. నిన్నటి నుంచీ అటు చూడలేకపోతున్నాను."

"నీ ఉద్యోగం?"

"పోతుంది. నాన్నకి నువ్వే చెప్పాలి. నాకు భయంగా ఉందమ్మా. జరుగు, ఇప్పుడు వెళ్ళకపోతే మళ్ళీ వెళ్ళలేను."

"ఆగు. ఒక్క మాట. ఆ తాళంలో వేరే చెవి ఏదైనా పెట్టి తిప్పితే, బలంగా తిప్పితే, తెరుచుకుంటుందా?"

"మళ్ళీ అదే పాట. చచ్చినా తెరుచుకోదు."

"పెద్ద మగాడు బలమంతా పెట్టి తిప్పినా?"

"తిప్పితే వేలు చితుకుతుంది, అంతే. జరుగమ్మా."

"వేలు చితుకుతుందా?"

"అమ్మా, ఎందుకలా కూలబడ్డావు? కళ్ళు తిరుగుతున్నాయా? నీళ్ళు కావాలా?"

"నీళ్ళొద్దు. ఇలా కూర్చో. నన్ను తర్వాత తిట్టు."

"టైము లేదు."

"అది ఇంటికి వచ్చిన రోజు నుంచీ నాకు ఏ చప్పుడైనా దొంగ చప్పుడే. దానికోసం ఎవడో వస్తాడు, నీ బ్యాగు లాగుతాడు, నువ్వు వదలవు, వాడు నిన్ను ఏదో చేస్తాడు. కళ్ళు మూస్తే ఇదే."

"అందుకని?"

"అందుకని రోజూ నువ్వు పడుకున్నాక గుడ్డసంచి విప్పి, దాన్ని తీసి నేను దాచుకుంటాను. దాని బదులు వేరేది వేసి ముడి కడతాను. దొంగొస్తే అది పట్టుకుని పోతాడు, నిన్ను ముట్టుకోడు అని. పొద్దున నువ్వు స్నానానికి వెళ్ళగానే మళ్ళీ మార్చేస్తాను."

"రోజూనా?"

"రోజూ. నిన్న పొద్దున మాత్రం నాన్న వస్తూనే కడుపులో నొప్పని పడిపోయారు. ఆ కంగారులో నేనటు తిరిగాను, నువ్విటు వెళ్ళిపోయావు. ఇంటి దగ్గర కాలు నిలవలేదు నాకు. ఫోన్లో తాళంచెవి మాట ఎత్తొద్దన్నావు కదా, అందుకే ఊరికే ఊరికే చేసి అన్నం తిన్నావా అని అడిగి పెట్టేశాను. సాయంత్రం మార్చేద్దామంటే నువ్వు బ్యాగు వదిలితేగా."

"అమ్మా. అయితే నిన్న నేను బల్ల మీద..."

"నువ్వు బల్ల మీద పెట్టి వెళ్ళింది మన పాత ట్రంకు పెట్టె తాళంచెవి తల్లీ. నీది మొన్నటి నుంచీ నా నడుముకే ఉంది, ఇదిగో పట్టుకో, ఇంకా వెచ్చగానే ఉంది."