మూడు కంటైనర్ల పనీరు

కాగితానిదేటి తప్పు, అచ్చమ్మక్కా? కన్నారావు గారి గోడౌను ముప్పై ఏళ్ళు కాగితం మీదే నడిపాను. పోర్ట్ బ్లెయిర్‌లో వెన్న లేదని ఒక్క హోటలోడైనా నా మీదకొచ్చాడేటి? చాయ్ వద్దంటావా? సరే, ఆ తడిసిన చెంగైనా పిండుకో. డిగ్నాబాద్ నుంచి షాదీపూర్‌కి ఈ వానలో ఆటో ఎక్కి వచ్చావంటే ఎందుకొచ్చావో తెలీదా నాకు? మీ అమ్మాయి లహరి సంగతే కదా. చెబుతాను. మొదట్నుంచీ చెప్పనీ.

వెన్న, పనీరు మనకిక్కడెక్కడివి? చెన్నై పాల కంపెనీ నుంచి చల్లటి కంటైనరులో షిప్పెక్కి రావాలి. వెనకటి రోజుల్లో ఆర్డరు రాసి ఒక కాగితం షిప్పులో పంపీవోణ్ణి. అదే ఆర్డరు ఇంకో కాగితమ్మీద రాసి, విమానం ఎక్కీవోళ్ళెవరో ఒకరి చేతిలో పెట్టీవోణ్ణి. తుఫానొస్తే షిప్పు ఆగిపోతాది, మబ్బు దిగితే విమానం తిరిగిపోతాది. రెండిట్లో ఏదో ఒకటి చేరతాది కదా. ఈ దీవుల్లో బతికినోడు ఎవడైనా అంతే చేస్తాడు.

అక్కడ చెన్నై కంపెనీలో పరంధామయ్య గారని గుమాస్తా ఉండీవోరు. రెండో కాగితం కనబడితే, "మన రాముడిదే, ముందే చేరింది" అని చింపి పారేసీవోరు. ఓసారి ముప్పై పెట్టెలకి మూడొందలని రాసి పంపీసాను. ఫోన్ చేసి, "ఏమయ్యా అప్పలరాముడూ, దీవి మొత్తానికీ ఒకే ముహూర్తానికి పెళ్ళా?" అన్నారు. అదీ మనిషి చూడ్డమంటే.

ఇప్పుడేటి? మన కంప్యూటరు వెళ్ళి వాళ్ళ కంప్యూటరుకి చెబుతాది. అది వాళ్ళ గోడౌనుకి చెబుతాది. బిల్లూ అదే పంపుతాది. మధ్యలో ఒక్క మనిషీ తల ఎత్తి చూడడు.

అబద్ధమెందుకు, సుఖమూ ఉంది. పది రోజులు పట్టే పని చాయ్ చల్లారేలోపు అయిపోతాది. ఏ కంటైనరు ఏ షిప్పెక్కిందో ఇక్కడ కూర్చునే చూసుకోవచ్చు. కాగితాలైతే చెదలు తినీసేవి. ఇక మీ లహరి గోడౌన్లో పనికొచ్చాక అంకె తప్పు పోవడమే చూళ్ళేదు నేను. "మావయ్యా, నువ్వు పెట్టెలు చూసుకో, స్క్రీను నేను చూసుకుంటాను" అనీది. మంచికే అనీది. నాకే ఒళ్ళు మండీది. ముప్పై ఏళ్ళ సర్వీసు చేసి పెట్టెలు చూసుకోడానికా నేనున్నది?

సరే, సరే, విషయానికొస్తున్నాను.

పోయిన వారం షిప్పు దిగింది. ఒక కంటైనరు రావాలి, మూడొచ్చాయి. మన చల్లగదిలో ఒకదాని సరుకే పడతాది. వెన్నంటే ఎలాగో బతిమాలి పక్కోళ్ళ ఫ్రీజర్లో పెట్టించాం. పనీరుకి దారేదీ? వీధి వీధికీ పంచాం. మా షాదీపూర్‌లో ఎవరింటికెళ్ళినా అదే కూర. చివరికి కుక్కలు కూడా మొహం తిప్పీసుకున్నాయి. మిగిలింది పారబోశాం. చెన్నైకి ఫోన్ చేస్తే ఒకడు, "మూడు నంబర్లతో మూడు ఆర్డర్లొచ్చాయి సార్, మూడూ పంపాం" అన్నాడు. ఏమనాలి వాణ్ణి?

కన్నారావు గారు ప్రింటు తీయించాడు. మూడింటి కిందా లహరి పేరే. పిల్లని ఇంక రావద్దన్నాడు.

ఏటి?

అవును, ఆ ఆర్డర్లు వెళ్ళింది పదిహేడో తారీకే. అవునక్కా, నీ కంటి ఆపరేషను ఆ రోజే. పిల్ల ఆసుపత్రిలో నీ పక్కనే ఉంది. నాకు తెలుసు. సెలవిచ్చింది నేనే. నోటి మాటే, ఎక్కడా రాయలేదు.

పాస్‌వర్డు క్యాలెండరు మీద రాసి పెట్టి వెళ్ళింది. "అవసరమైతే ఒక్కసారి పంపు మావయ్యా, పంపి ఊరుకో" అంది. ఆ రోజు వాన. మన నెట్టు సంగతి నీకు తెలీందేటి? పంపాను. చక్రం తిరుగుతానే ఉంది. చేరిందో లేదో చెప్పదు. మళ్ళీ పంపాను. ఈ ఆర్డరు నంబరు ముందే ఉందంది. కొత్త నంబరేసి పంపాను. సాయంత్రం దాకా చూసి, ఎందుకైనా మంచిదని ఇంకో నంబరేసి ఇంకోటి. ఎక్కువైతే అక్కడెవరో ఒకరు చూసి చింపీస్తార్లే అనుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను.

మొన్న కన్నారావు గారు అందరి ముందూ అడిగాడు, ఎవరు పంపారని. పిల్ల సెలవులో ఉన్నానంటే, మరి నీ పాస్‌వర్డు ఎవరి దగ్గరుందంటాడు. పిల్ల నా పేరు చెప్పాలి. చెప్పలేదు. నా వైపు చూసింది, ఒక్కసారే. నేను పెట్టెలు లెక్కపెడతా నిలబడ్డాను. ఖాళీ పెట్టెలక్కా అవి.

కాగితమే అయితే, చేతిరాత చూసి ఊడ్చే మనిషైనా చెప్పీసీది, ఇది రాముడి గీతని. కంప్యూటర్లో అందరి రాతా ఒకటే. ఇన్నాళ్ళూ దాన్ని తిట్టిందీ నేనే, మొన్న దాని చాటున దాక్కున్నదీ నేనే. సిగ్గుగా ఉందక్కా. ఇంకో ఏడాదిలో రిటైరవుతాను, ఈ వయసులో నలుగురిలో మాట పడతానని భయమేసింది. పిల్ల వయసు గుర్తు రాలేదు.



ఫోనెందుకు తీశావు? కన్నారావు గారికా. ఊఁ, కళ్ళద్దాలింకా ఇవ్వలేదు కదా నీకు, అంకెలు ఆనవు. నేను చెబుతాను, నువ్వు నొక్కు. ఫోను మాత్రం కలిసేదాకా నా చేతికివ్వకు. ఇస్తే రేపు చేస్తానంటాను. నిన్న కూడా రేపనే అన్నాను.

నొక్కు. మొదటిది తొమ్మిది.