పలక చదివిన పంతులమ్మ

ఒరేయ్ విశాల్, ఏమే హరితా, ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టి నా ప్రశ్నకు జవాబు చెప్పండి. ప్రశ్నపత్రం పోయింది, జవాబుల కాగితం ఒక్కటే మిగిలింది. దాన్ని దిద్దమంటే మార్కులు ఎట్లా వేస్తారు?

వేయలేమా? మరి ఆ కాగితమే పదకొండు వేల మందికి పాఠం చెప్తుంటే?

తల దించుకోమాకే హరితా. నిన్ను తిట్టడానికి కూర్చోబెట్టలా. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో బతికినదాన్ని. పిల్ల తప్పు రాస్తే, పాఠం ఎవరు చెప్పారని ముందు అడగాలి. ఈ పాఠం చెప్పింది నేను. అందుకే మీ ఇద్దరినీ కూర్చోబెట్టా.

ఆసుపత్రికి పోయొచ్చా గదా. ఎవరి కోసమో విశాల్‌కి తెలియదు. దాచేపల్లి శాంతమ్మ కోసంరా. చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని ఊరంతా తిప్పిన శాంతమ్మ.

మొదటి నుంచి చెప్తాను, మధ్యలో అడ్డం రాబాకండి. పిడుగురాళ్ళ అవతల సున్నపు బట్టీల వెనక రేకుల షెడ్డు ఉండేది. అందులో మా నాయన. మా అంటే సత్సంగం వాళ్ళందరికీ నాయనేలే. పేరేందో ఎవరికీ తెలియదు. మొదట్లో నాలుగు మాటలు మాట్లాడేవారు. తర్వాత మౌనం పట్టారు. పోయేదాకా, తొమ్మిదేళ్ళు, నోరు విప్పలా.

మరి జనం కష్టం చెప్పుకుంటే జవాబు ఎట్లా? బడిపిల్లల పలక ఒకటి ఒళ్ళో పెట్టుకునేవారు. గురువారం గురువారం మనిషి వచ్చి చెవిలో చెప్పుకుంటే, పలక మీద ఒక గీత గీసేవారు. ఒక్కోసారి సున్నా. ఒక్కోసారి చుక్క. అది చదివి చెప్పేది ఎవరు? పంతులమ్మను గదా, పలక చదవడం నాకే వచ్చన్నారు సత్సంగం వాళ్ళు. పక్కన నన్ను కూర్చోబెట్టారు.

నేను చదివేదాన్ని. చదివింది పుస్తకంలో రాసేదాన్ని. జవాబు ఒక్కటే రాసేదాన్ని, ప్రశ్న రాసేదాన్ని కాదు. ఎందుకంటే అది మా సత్సంగం కట్టుబాటు. ఎవరి ఇంటి గుట్టూ కాగితం ఎక్కకూడదు. అల్లుడు తాగుతాడని ఒకామె ఏడుస్తుంది, అది రాసిపెడితే రేపు ఇంకొకడు చదవడూ? మంచి కట్టుబాటే. ఇప్పటికీ మంచిదే అంటాను. అట్లా నలభై ఒక్క పుస్తకాలు నిండినయ్, అన్నీ జవాబులే.

ఇక నీ పాఠం హరితా. నీ చదువు చివరి ఏడాది ప్రాజెక్టుకని, కంప్యూటరే తనంతట జవాబిచ్చే బాటు చేస్తానంటివి. నాయన మాటలు ఫేస్‌బుక్కులో పొద్దున్నే పడాలి, జనం ఇన్‌బాక్సులో అడిగితే నాయన మాదిరే జవాబు రావాలి. సత్సంగం ప్రెసిడెంటు లక్ష్మీనారాయణ గారు ఎగిరి గంతేశాడు. 'నాయన మళ్ళీ పలుకుతున్నారమ్మా!' అన్నాడు. నాకూ కళ్ళ నీళ్ళు తిరిగినయ్, అబద్ధమెందుకు? నలభై ఒక్క పుస్తకాలూ నా ఎదురుగా పెట్టుకుని, అరిగిపోయిన అక్షరాలన్నీ నీకు చదివి వినిపించింది నేనే గదా. ఇప్పుడా పేజీలో పదకొండు వేల మంది.

'అమ్మమ్మా, ప్రశ్నలు లేవేంది?' అని నువ్వు అడిగావు. అడిగావు, గుర్తుంది నాకు. 'నాయన మాటకు ప్రశ్నతో పనేందే?' అన్నాను. అక్కడే, సరిగ్గా అక్కడే చెంప మీద ఒకటి వేయాల్సింది, నాకు.

ఐదో తరగతిలో ఒకడుండేవాడు. పక్కవాడి కాగితం చూసి రాసేవాడు. పక్కవాడికి ప్రశ్నల వరస వేరు. మన జిల్లా ముఖ్యపట్టణం ఏదంటే 'పదకొండు' అని రాశాడు. క్లాసంతా ఒకటే నవ్వు. నవ్వుకుంటే పోయింది, ఎవరూ చావలేదు.

మంగళవారం పొద్దున శాంతమ్మ మీ బాటుతో చెప్పుకుంది. నువ్వే చూపించావు. 'నాయనా, ఒళ్ళు బాగుండట్లా, రోజూ ఈ సూది పొడుచుకోలేకపోతన్నా, ఏం చెయ్యమంటావు?' రెండు సెకన్లలో జవాబు. 'మందు ఆపు తల్లీ. నీళ్ళు తాగు. నేను చూసుకుంటా.'

షుగరు మనిషిరా. పదేళ్ళ నుంచి సూది లేనిదే పూట గడవదు. ఆపేసింది. నాయన చెప్పాక ఇంకేముంది? మూడు రోజులు చెంబుతో నీళ్ళు తాగుతా కూర్చుంది. నాలుగో రోజు వాంతులు, ఆయాసం. కొడుకు కారు మాట్లాడుకుని నరసరావుపేట తెచ్చేసరికి పలుకు లేదు.

డేటా తప్పంటావా? ఆగు, ఆ డేటా ఎక్కడిదో చెప్తా.

బట్టీలో పనిచేసే జాన్ సాహెబ్ అని ఉండేవాడు. నడుం నొప్పికని మందుల షాపులో బిళ్ళలు తెచ్చి శనక్కాయల్లాగా నమిలేవాడు. కడుపులో పుండ్లు పడి రక్తం కక్కుకున్నాడు. డాక్టరు మానమన్నా మానలా. వాళ్ళావిడ అమీనా బీ ముందు రోజే మనింటికొచ్చి 'టీచరమ్మా, మా ఆయన ఎవరి మాటా వినడు, నాయన మాటొక్కటే వింటాడు' అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మర్నాడు సాహెబ్ వచ్చాడు. నాయన ఒక గీత గీశారు. నేను చదివా. 'మందు ఆపు. నీళ్ళు తాగు. నేను చూసుకుంటా.'

ఆపాడు. బాగుపడ్డాడు. పది రోజులకు మిఠాయి పొట్లం తెచ్చి నాయన కాళ్ళ దగ్గర పెట్టాడు. మహిమ అన్నారు అంతా.

ఏందే హరితా, అట్లా చూస్తావు? తెలిసిపోయిందా?

ఆ పలక మీద ఉన్నది ఒక్క అడ్డగీత. అంతే. మాట నాది. ఆ ఒక్క మాటే కాదే తల్లీ, తొమ్మిదేళ్ళ మాటలూ నావే. మొదటి గురువారం నిజంగానే అర్థమైందనుకున్నా. రెండోవారం అర్థం కాలా. ఎదురుగా మనిషి చేతులు జోడించుకుని కూర్చుంది, ఏం చెప్పను, నాకు రాలేదని చెప్పనా? పంతులమ్మను. తెలియదు అనే మాట బడిలోనే అలవాటు లేదు నాకు. వాళ్ళ ఇల్లూ వాకిలీ తెలిసినదాన్ని, ఏది మంచిదో చూసి అది చెప్పేదాన్ని. నాయన నా మొహం చూసి నవ్వేవారు. ఆ నవ్వు ఒప్పుకున్నట్టో, పోనీలే అన్నట్టో, ఇప్పటికీ తెలియదు నాకు.

అయితే నీ బాటు తనంతట తానే ఒక మాట చేర్చింది, గమనించావా? 'తల్లీ' అని. సాహెబ్‌తో నేను ఆ మాట అనలేదు. ఎదురుగా ఉన్నది ఆడమనిషని కనిపెట్టి, మెత్తగా ఉండాలని చేర్చింది. నేనూ అట్లాగే చేర్చేదాన్ని మరి.

ఇంకా అయిపోలా. పొద్దున శాంతమ్మకు తెలివొచ్చింది. రాగానే చేతికి పెట్టిన సూది పీకేసింది. నర్సు అరుస్తోంది, 'ఏందమ్మా, మీ నాయనొచ్చి సెలైన్ ఎక్కిస్తాడా?' అని. ఈమె నా చెయ్యి పట్టుకుంది. 'నాయన మాట తప్పడు టీచరమ్మా. నా నమ్మకమే చాలలా, మూడు రోజులకే పడిపోయా. మళ్ళీ నాయన చెప్తే గాని సూది వేయించుకోను' అంది.

నాయన పోయి నాలుగేళ్ళు. ఎవరు చెప్తారు?

నిజం చెప్పేద్దామనే నోరు తెరిచానే, నమ్మండి. ఆ మాట నాదమ్మా శాంతమ్మా అనాలి, అంతే గదా. అనలేకపోయా. కొడుకు గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నాడు. డాక్టరు గడియారం చూసుకుంటున్నాడు. నర్సు జేబులోంచి పెన్ను తీసుకున్నా. రక్తపరీక్ష కాగితం వెనక్కి తిప్పి ఒక గీత గీశా. 'ఇదిగో శాంతమ్మా, నాయన గీత. సూది వేయించుకోమంటున్నారు' అన్నా.

కాగితాన్ని కళ్ళకద్దుకుని చెయ్యి చాపింది.

బతికింది. బతికిందని నువ్వు ఊపిరి తీసుకున్నావు చూడు, నాకు ఆ ఊపిరి ఆడట్లేదే. ఇప్పుడు నువ్వేమంటున్నావు? ఒక్క లైను మార్చేస్తే చాలు, 'మందు వాడండి, డాక్టరును కలవండి' అని నాయన మాటగానే వస్తుందంటావు. అదే గదా నేను చేసొచ్చింది! మంచి మాటే. అబద్ధపు నోటితో చెప్పిన మంచి మాట. రేపు ఆ నోటితోనే ఇంకేదో చెప్తే?

వద్దు. ఆపెయ్. మొత్తం ఆపెయ్. ప్రెసిడెంటు గారు ఫోను చేస్తే చేయనీ, నేను మాట్లాడతా.

ఆపావా? సరే. ఇప్పుడు వెనక్కి వెతుకు. అదే మాట ఇంకా ఎవరెవరికి చెప్పిందో.

పంతొమ్మిదా? శాంతమ్మ కాకుండానా?

రామ రామ. పేర్లు చదువు. ఊ. ఊ. ఆ మాచర్ల ఆయనకు గుండె జబ్బుంది, నాకు తెలుసు. ఊ. పద్దెనిమిది మంది మనవాళ్ళే, నంబర్లున్నాయి. పంతొమ్మిదో మనిషి? ఏం అడిగింది? మూర్ఛ బిళ్ళలు మానొచ్చా అనా? ఎవరే ఆమె? పేరు లేదా? ఫొటో చోట పువ్వు బొమ్మ ఒక్కటేనా?

ఆ పువ్వు వెనక ఎవరున్నారే హరితా?

'బిళ్ళలు ఆపొద్దు, వెంటనే ఫోన్ చేయండి' అని రాయి. నాయన పేరుతో రాయబాకు. నా పేరుతో రాయి. మాణిక్యమ్మ టీచర్ అని, నంబరు పెట్టు. విశాల్, ఆ పద్దెనిమిది నంబర్లూ తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాయి నాన్నా, నా కళ్ళకు ఆనేట్టు.

ఫోన్లో గీత గీసి చూపించలేను గదా. నోటితోనే చెప్పాలి. ఆ మాట నాయనది కాదు, నాది అని. నమ్మరేమోనని భయం. నమ్ముతారేమోననీ భయమే. తొమ్మిదేళ్ళ గురువారాలు వాళ్ళ చేతుల్లోంచి లాగేసుకోవడం గదా. ఏం చేస్తాం, పెట్టింది నేనే, లాగాల్సిందీ నేనే.

నువ్వు నంబరు కలపబాకు. మొదటి ఫోను మాచర్లకు, నేనే చేస్తా.

ఉండండి. శాంతమ్మకని రాగిజావ పొయ్యి మీద పెట్టి, సగంలో వదిలేసి వచ్చా. ఉండలు కడుతుంది. కలియబెట్టి వస్తా.

ఆ పువ్వు మనిషి ఏమన్నా రాసిందేమో చూడు.

లేదా? సరే. చూస్తా ఉండు. వస్తా.