గవ్వపూస

గట్ల గుంజకయ్యా. చేతి పూసల దారం తెగుతది. మళ్ల గుచ్చుడు నాతోని కాదు, నాకు కండ్లు ఆనుతలేవు.

ఏం దేవులాడుతున్నవ్? గవ్వనా? లేదు, తీసేసిన. నిన్న నువ్వు పండుకున్నప్పుడు నేనే తీసిన. గట్ల సూడకు నన్ను.

తండంత సర్పంచి ఇంట్ల టీవీ ముంగట కూసున్నరు, ఐతారం సినిమా కదా. నేనొక్కదాన్నే గీడ నీ చెయ్యి పట్టుకొని కూసున్న. మళ్ల మొదటిసంది చెప్పాల్నా? చెప్తా తియ్. చెప్పుడు తప్ప నాకేం పనుంది.

నీ పేరు దస్రు. నేను మంగ్లీని, నీ పెండ్లాన్ని. మిర్యాలగూడల మిల్లుల బస్తాలు కుట్టేటోడివి. ఓనాడు బస్తాలు కూలి నీ తల మీద పడ్డయ్. పానం దక్కింది గని మతి పోయింది. దవాఖానల నన్ను సూసి "ఎవరమ్మా నువ్వు" అన్నవ్. అమ్మా అన్నవయ్యా నన్ను. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.

గని నీ వేళ్లు ఏం మర్చిపోలే. మంచంల పండుకొని గాలిల బస్తా కుడుతుంటివి. దబ్బనం పొడుసుడు, సుతిలి గుంజుడు, ముడేసుడు. గది సూసే మా అమ్మ పెట్టిన దండ తెంపి నీ చేతికి పూసల కడెం గుచ్చిన. మగోడికి పూసలేందని మీ అన్న సోమ్లా నవ్విండు. నవ్వనీయ్.

పట్టి సూడు. గీ గరుకుది మనిల్లు. గీ గజ్జె మన ఎడ్లు. గీ నున్నగ అరిగిన పూస నేను. నీతోని కాపురం చేసి చేసి అరిగిన. నవ్వవా? మునుపైతే నవ్వేటోడివి.

గవ్వేమో సోనీది. మన బిడ్డ. నా పైటకు కుట్టిన గవ్వలు ఊడబెరికి ఆడుకునేది, అందుకే గవ్వ పెట్టిన. గది పెట్టకపోతే బాగుండు.

ముట్టుకున్నప్పుడల్లా "సోనీ యాడ" అంటవ్. నేను చెప్పాలె. నీకు దెబ్బ తాకకముందే పోయింది, ఎడ్లకు నీళ్లు తాపనీకి సాగర్ కాల్వకు పోతే కాలు జారింది, పీనుగ సుత దొరకలే అని. నువ్వు గప్పుడే ఇన్నట్టు నేల మీద పడి ఏడుస్తవ్. జరసేపటికి మర్చిపోతవ్. మళ్ల గవ్వ ముట్టుకుంటవ్, మళ్ల అడుగుతవ్.

నా బిడ్డ ఒక్కసారి సచ్చింది. నీ ముంగట దినాం నేనే సంపుతున్న.

అందుకే తీసిన. నీ ఏడుపు సూడలేక తీసిన అని సోమ్లాతోని అన్న. గది కాదు. బిడ్డ సచ్చిందన్న మాట నా నోటికి వస్తలేదయ్యా ఇగ.

మరి పొద్దటిసంది ఏందిది? అన్నం ముట్టలే. గజ్జెకూ నా పూసకూ నడుమ వట్టి దారం మీద వేలు పెట్టి రాస్తనే ఉన్నవ్. ఏం పోయిందో నీకు తెల్వదు, కండ్లల్ల నీళ్లు మాత్రం కారవట్టె.

సాలు గని, ఇటియ్యి చెయ్యి. గవ్వ నా కొంగుకే ముడేసుకున్న, యాడ పారేస్త? కదలకు జర, వట్టి దారానికే ముడేస్తున్న. ఆఁ, అయింది.

ముట్టుకో. అడుగు.

సోనీనా? కాల్వకు పోయిందయ్యా. ఎడ్లకు నీళ్లు తాపనీకి పోయింది. ఇంకా రాలే.

ఇందుల అబద్ధమేముంది? పోయింది, రాలే. గంతే కదా.

ఏందంటున్నవ్? పొద్దుగూకుతుందా? పిల్ల ఒక్కతే ఉంది, పోయి పిల్సుకరమ్మంటవా?

సరే, పోతున్న. కాల్వ కట్ట మీద నిలవడి పిలుస్త. నువ్వైతే రెండు బుక్కలు తిను. నాయిన తిన్నడా లేదా అని అది వచ్చినంక అడుగుతది.